ఎవరి కోసం ఈ పరీక్ష? బురైదా నుంచి పెద్దపేగు కథ

(రేడియో ప్రసంగ పాఠం)

పోయిన వారం కార్యక్రమం చివర్లో ఈసారి విషయం కొలనోస్కోపీ అని చెప్పగానే, ఆదివారం టిఫిన్ల వేళకి ఇదేం విషయమండీ అని ఇద్దరు ముగ్గురు అడిగారట. అడగడంలో తప్పు లేదు. గుండె గురించి, షుగరు గురించి మనం ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. నడుం కింది సంగతి వచ్చేసరికి మాట మార్చేస్తాం. నేను సౌదీ అరేబియాలో, అల్-ఖసీం ప్రాంతానికి ముఖ్యపట్టణమైన బురైదాలో పందొమ్మిదేళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఎండోస్కోపీ గదిలోనే గడిచింది. కాబట్టి నాకు సిగ్గు లేదు, మీరే కాస్త సర్దుకోవాలి.

బురైదా గురించి ఒక్క ముక్క. రియాద్‌కి వాయవ్యంగా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. ఖర్జూరాలకి పెట్టింది పేరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెల్లవారకముందే మార్కెట్టుకి సుక్కరీ ఖర్జూరం పెట్టెలతో బళ్ళు బారులు తీరతాయి. ఈ ఊరి వాళ్ళే ఒకప్పుడు ఒంటెల బిడారులు కట్టుకుని ఇరాక్, సిరియా, ఈజిప్టుల దాకా వ్యాపారానికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళని ఉఖైలాత్ అనేవారు. ఇల్లు వదిలి నెలల తరబడి పరాయి దేశంలో బతకడం అంటే ఏమిటో ఆ ఊరి ముసలివాళ్ళకి బాగా తెలుసు. తరవాత కాలం తిరగబడింది. ఇల్లు వదిలి ఆ ఊరికి వచ్చేవాళ్ళు మనవాళ్ళయ్యారు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమ... తోటపనికి, మేస్త్రీ పనికి, డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా వచ్చారు. మా బోటివాళ్ళం ఆసుపత్రులకి వచ్చాం.

వలస వెళ్ళే మనిషికి వైద్యపరీక్ష కొత్తేమీ కాదు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకి కూలీలని తీసుకుని బయల్దేరింది. నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఓడ ఎక్కేముందు డాక్టరు చూసి పనికొస్తాడు అంటేనే ఎక్కనిచ్చేవారు. అమెరికాలో ఉన్నవాళ్ళు న్యూయార్క్ వెళ్ళినప్పుడు ఎల్లిస్ ఐలండ్ చూసే ఉంటారు. అక్కడ వైద్యులు వరసలో నడిచొచ్చేవాళ్ళని కొన్ని క్షణాలు చూసి కోటు మీద సుద్దముక్కతో అక్షరం రాసేవారు. గుండెకి ఒక అక్షరం, కంటికి ఒక అక్షరం, కుంటికి ఒక అక్షరం. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకి గామ్కా మెడికల్ తెలియనిది కాదు, ఇప్పుడు దాన్ని వాఫిద్ అంటున్నారు. ఎక్స్‌రే తీస్తారు, హెచ్.ఐ.వి., కామెర్ల పరీక్షలు చేస్తారు. "అన్‌ఫిట్" అన్న మాట పడితే ఏజెంటుకి కట్టిన అప్పు నెత్తిన పడ్డట్టే.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఈ మనిషి వల్ల మనకేమైనా నష్టమా అన్నదే అక్కడ ప్రశ్న. ఈ మనిషికి ఏమవుతుందో అన్నది కాదు. సౌదీలో హోటళ్ళలో వంటచేసేవాళ్ళకి బలదియా కార్డు ఉంటుంది, అంటే మునిసిపాలిటీ ఇచ్చే ఆరోగ్య పత్రం. దానికి మలపరీక్ష చేస్తారు. చిన్న డబ్బా ఇస్తారు, తెచ్చిస్తారు. అందులో వెతికేది పురుగుల గుడ్లు, తిండి ద్వారా ఇతరులకి అంటే క్రిములు. మంచిదే, చెయ్యాల్సిందే. కానీ అదే డబ్బాలో కంటికి కనపడని రక్తం ఉందేమో అని కూడా చూస్తే ఆ వంటవాడి ప్రాణానికే పనికొస్తుంది. ఆ రెండో చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికే ఈ ప్రసంగం.

మలంలో దాగిన రక్తాన్ని పట్టే ఉపాయం పాతదే. 1864లో వాన్ డీన్ అనే డచ్చి వైద్యశాస్త్రవేత్త, వెస్టిండీస్ వైపు పెరిగే గ్వాయాకం చెట్టు బంక రక్తం తగిలితే నీలంగా మారుతుందని గమనించి పరీక్షగా వాడాడు. వందేళ్ళు అది ఆసుపత్రి గదుల్లోనే ఉండిపోయింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డాక్టరు గ్రీగర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఈ బంక పట్టించిన కాగితపు అట్టలు రోగి ఇంటికే ఇస్తే పోలా? ఇంట్లోనే పుల్లతో కాస్త రాసి పంపిస్తారు. 1967లో ఆయన దాని గురించి వ్యాసం రాశాడు. ఏ బాధా లేని మనిషిలో జబ్బు వెతకడం అన్నదే అందులో సంగతి. మరుసటి ఏడాది, 1968లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు స్క్రీనింగ్ అంటే ఏమిటో, ఏ జబ్బుకి చెయ్యాలో నియమాలు రాశారు. ముందే పట్టుకుంటే చికిత్స ఉన్న జబ్బునే వెతకాలి, పరీక్ష జనం ఒప్పుకునేదై ఉండాలి. ఇలా సాగుతాయి ఆ నియమాలు. ఎల్లిస్ ఐలండ్ సుద్దముక్కకీ వీటికీ ఎంత తేడా ఉందో చూడండి.

అయితే రక్తం ఉందని తెలిశాక లోపలికి వెళ్ళి చూడాలి కదా. అసలు చిక్కంతా అక్కడే. మన పెద్దపేగు దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవు, పైగా మెలికలు. 1868లో జర్మనీలో కుస్మాల్ అనే వైద్యుడు గొంతులోంచి కడుపులోకి తిన్నని గొట్టం దించి చూశాడు. దానికి ఆయన ఎవర్ని వెతికిపట్టుకున్నాడో తెలుసా? కత్తులు మింగే గారడీవాణ్ణి! పైనుంచి అలా కుదిరింది గాని, కింది నుంచి వెళ్ళే తిన్నని గొట్టం పాతిక సెంటీమీటర్లు దాటి చూపించలేదు. దాని పైన ఏముందో ఊహ, లేకపోతే బేరియం ఎక్స్‌రే, అదీ కాకపోతే కత్తి.

వెలుతురుని వంచితే తప్ప పని జరగదు. ఆ వంచినవాళ్ళలో ఒకాయన మన దేశం వాడు కావడం నాకు గొప్ప సంతోషం. పంజాబులో మోగాలో పుట్టి, డెహ్రాడూన్‌లో పెరిగిన నరీందర్ సింగ్ కపానీ. లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్కిన్స్ అనే ఆచార్యుడి దగ్గర పనిచేస్తూ, వెంట్రుకల్లాంటి వేల గాజుపోగుల్ని కట్టగా కట్టి ఒక కొసన ఉన్న బొమ్మని రెండో కొసకి చేరవేయవచ్చని చూపించాడు. 1954 జనవరిలో నేచర్ పత్రికలో అచ్చయింది. 2009లో గాజుపోగుల మీద నోబెల్ వచ్చినప్పుడు ఆయన పేరు లేదు. దాని మీద చాలామంది బాధపడ్డారు, నేనూ ఆ జట్టులోనే. ఆయన 2020 డిసెంబరులో పోయారు.

ఆ వ్యాసం చదివి దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వచ్చిన బేసిల్ హిర్షోవిట్జ్ మిషిగన్‌లో వంగే గొట్టం తయారుచేయించాడు. 1957లో మొదట తన గొంతులోకే దించుకున్నాడు. రోగికి చేసే ముందు తానే మింగడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తరవాత ఓవర్‌హోల్ట్ అనే ఆయన 1963లో వంగే గొట్టంతో కింది వైపు నుంచి పేగు చూశాడు. జపానులో ఒలింపస్ కంపెనీ ఇంజనీర్లు ఇదే పని మీద ఉన్నారు. ఇక 1969లో న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం ఉల్ఫ్, హిరోమి షిన్యా కలిసి అసలు ఘనకార్యం చేశారు. గొట్టం లోంచి సన్నటి తీగ ఉచ్చు పంపి, పేగు గోడ మీది బుడిపెకి తగిలించి, కరెంటుతో కాల్చి కత్తిరించేశారు. పొట్ట కొయ్యలేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆ బుడిపెలనే పాలిప్ అంటాం. పెద్దపేగు కాన్సర్లు చాలా వరకు ఇలాంటి బుడిపెలోంచే పుడతాయి, అదీ పదేళ్ళో అంతకన్నా ఎక్కువో తీసుకుని. అంత నింపాదిగా వచ్చే కాన్సర్లు తక్కువ. 1969కి ముందు డాక్టరు చూసేవాడు, భయపడేవాడు, సర్జన్ దగ్గరికి పంపేవాడు. ఆ తరవాత చూసిన చేత్తోనే తీసెయ్యగలిగాడు. కాన్సర్‌ని పట్టుకోవడమే కాదు, రాకముందే దారి మూసెయ్యడం అన్నమాట. మామోగ్రాం ఆ పని చెయ్యలేదు.

దీనికి ముందు పేగు కడుక్కోవాలి. అందరూ తిట్టుకునేది ఈ భాగాన్నే. ఒకప్పుడు మానిటాల్ అనే తియ్యటి ద్రావకం తాగించేవారు. అది పేగులో పులిసి హైడ్రోజన్ పుట్టిస్తుంది. ఫ్రాన్సులో ఒక రోగికి బుడిపె కాలుస్తుండగా ఆ వాయువు అంటుకుని పేగు పేలి ప్రాణం పోయింది. 1979లో అది పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాదే ఇప్పుడు నేనుంటున్న డాలస్‌లో ఫోర్డ్‌ట్రాన్ బృందం పులియని, ఒంటికి పట్టని నాలుగు లీటర్ల ద్రావకం కనిపెట్టింది. ఆ నాలుగు లీటర్లూ తాగేటప్పుడు తిట్టుకోండి, పరవాలేదు. దాని వెనక కథ మాత్రం గుర్తుంచుకోండి.

అమెరికా సంగతులు మీకు తెలిసినవే. 1985 జూలైలో ప్రెసిడెంటు రీగన్‌కి కొలనోస్కోపీలో పెద్దపేగు మొదట్లోనే పెద్ద గడ్డ కనపడింది, మర్నాడే ఆపరేషను. 2000 మార్చిలో కేటీ కూరిక్ అనే టీవీ ఆవిడ, రెండేళ్ళ ముందు 42 ఏళ్ళ భర్త ఈ జబ్బుతో పోయాక, తన పరీక్షని టీవీలో చూపించింది. ఆ తరవాత నెలల్లో దేశంలో ఈ పరీక్షలు దాదాపు ఐదో వంతు పెరిగాయి.

ఇంతకీ యాభై ఏళ్ళు అన్న అంకె ఎందుకు? మిన్నెసోటాలో 1975లో మొదలైన పెద్ద పరిశోధనలో 46,551 మందిని చేర్చుకున్నారు. వాళ్ళ వయసు 50 నుంచి 80. ఏటా ఆ బంక అట్టల పరీక్ష చేసినవాళ్ళలో పెద్దపేగు కాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని 1993లో తేలింది. ఇలాంటి పరిశోధనలతో యాభై అన్న అంకె డాక్టర్ల బుర్రల్లో పాతుకుపోయింది. కానీ అది తెల్లవాళ్ళ దేశం అంకె.

వలసపోయిన మనిషి పేగు ఏ దేశం లెక్కలోకి వస్తుంది? దీనికి కూడా పాత సమాధానం ఉంది. 1968లో హేంజెల్, కురిహారా అనే ఇద్దరు అమెరికా వెళ్ళిన జపనీయుల లెక్కలు తీశారు. సొంత దేశంలో వాళ్ళకి పొట్ట కాన్సర్ ఎక్కువ, పెద్దపేగు కాన్సర్ తక్కువ. అమెరికా వచ్చాక రెండోది పెరిగింది. మనవళ్ళ కాలానికి కాదు, వచ్చిన తరంలోనే. రక్తం మారలేదు, కంచం మారింది, బతుకు మారింది. ఆ తరవాత బర్కిట్ అనే ఐరిష్ సర్జను ఆఫ్రికాలో తను చూసినదాన్ని బట్టి పీచు లేని తిండే కారణం అన్నాడు. ఆయన చెప్పినంత సులువుగా అది తేలలేదు గాని, మాంసం సంగతి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం గట్టిగానే చెప్పింది. నిలవచేసిన మాంసం కాన్సర్ కారకమని, ఎర్రమాంసం బహుశా కారకమని.

బురైదాలో మనవాళ్ళ గది కంచం నేను చూశాను. ఇంటి దగ్గర జొన్నరొట్టె, పప్పు, గోంగూర తిన్న మనిషి అక్కడ తెల్లన్నం, బ్రాయిలర్ కోడి, కుబ్బూస్, మధ్యాహ్నం పెప్సీ. ఆకుకూర కడిగి తరిగే ఓపిక పన్నెండు గంటల డ్యూటీ తరవాత ఎవరికుంటుంది? స్థానికుల తిండీ ఇలాగే ఒక తరంలో మారిపోయింది. 1994 నుంచి లెక్కలు రాస్తున్న సౌదీ కాన్సర్ రిజిస్ట్రీలో మగవాళ్ళకి వచ్చే కాన్సర్లలో పెద్దపేగుదే మొదటి స్థానం అయింది. పైగా పడమటి దేశాలకంటే చిన్న వయసులో వస్తోంది.

ఇక్కడ సౌదీ వైద్యులు చేసిన పని నాకు బాగా నచ్చింది. 2015లో వాళ్ళ నిపుణుల బృందం అన్నల్స్ ఆఫ్ సౌదీ మెడిసిన్ పత్రికలో సూచనలు అచ్చువేసింది. జబ్బు లక్షణాలు లేనివాళ్ళకి కూడా 45 ఏళ్ళ నుంచే పరీక్ష మొదలుపెట్టాలి అని. అమెరికా కాన్సర్ సొసైటీ 45కి దిగింది 2018లో, అక్కడి ప్రభుత్వ నిపుణుల సంఘం దిగింది 2021లో. అంటే అమెరికాని చూసి దిగలేదన్నమాట, తమ రోగుల వయసు చూసి దిగారు.

మన దేశంలో సంగతి వేరు. 2016లో కేంద్ర ప్రభుత్వం జనాభా మొత్తానికి కాన్సర్ పరీక్షల పథకం రాసినప్పుడు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడే పెట్టింది. పెద్దపేగు లేదు. మన దగ్గర ఆ జబ్బు తక్కువ కాబట్టి అది తెలివితక్కువ నిర్ణయమేం కాదు. కానీ ముప్పయ్యేళ్ళు గల్ఫ్ తిండి తిన్న మనిషి ఆ లెక్కలో ఎక్కడున్నాడు? ఇక్కడ పరాయివాడు, అక్కడ రెండేళ్ళకోసారి వచ్చే చుట్టం. సెలవులో వస్తే చెల్లెలి పెళ్ళి, ఇంటి స్లాబు, పొలం గొడవ. రెంటికీ చెడ్డ రేవడి.

ఒకాయన గురించి చెబుతాను. జగిత్యాల వైపు మనిషి, వయసు 51, మేస్త్రీ. ఏడాదిగా రక్తం పడుతోంది. "మొలలే గద సిస్టర్, ఈ ఎండకు వేడి చేసింది. మజ్జిగ తాగితే తగ్గుతది" అన్నాడు. సబ్జా గింజలు, మెంతులు అన్నీ అయ్యాయి. ఈ "వేడి చేసింది" అన్న మాట నేను అక్కడ వందసార్లు విన్నాను. ఎడారిలో అది ఎంత నమ్మకంగా అనిపిస్తుందంటే, యాభై డిగ్రీల ఎండ కళ్ళముందే ఉంది మరి. మొలలు ఉండొచ్చు కూడా, ఆయనకి ఉన్నాయి. వాటి పైన ఇంకోటీ ఉంది.

ఆయనకి పరీక్ష ఒప్పించడం కష్టం కాలేదు, చేయించడమే కష్టమైంది. గదిలో ఎనిమిది మంది, ఒక్క బాత్‌రూము. నాలుగు లీటర్లు తాగిన మనిషి రాత్రంతా అందులోనే ఉండాలి. తెల్లారి మత్తు ఇస్తారు కాబట్టి వెంట ఒక మనిషి రావాలి, వాడికి ఆ రోజు జీతం పోతుంది. చివరికి తోటలో పనిచేసే వాళ్ళ ఊరి కుర్రాడు తన గది ఒక రాత్రికి ఖాళీ చేసి ఇచ్చాడు. ఏ వైద్య పుస్తకమూ ఈ సంగతి రాయదు. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, గల్ఫ్‌లో కూలిపని చేసే మనవాళ్ళకి మొదట చెప్పాల్సింది మలపరీక్ష, ఇప్పుడు వచ్చిన ఫిట్ అనే రకం. అది మనిషి రక్తాన్ని మాత్రమే పడుతుంది, ముందురోజు కబ్సాలో మటన్ తిన్నా పాత బంక అట్టలా తికమకపడదు. ఏటా ఒకసారి. అందులో తేడా వస్తేనే గొట్టం.

ఒక మాట స్పష్టంగా. రక్తం పడుతున్నవాళ్ళు, మలవిసర్జన తీరు మారినవాళ్ళు, కారణం లేకుండా రక్తహీనత వచ్చినవాళ్ళు స్క్రీనింగ్ కోసం చూడకూడదు, డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. స్క్రీనింగ్ ఏ బాధా లేనివాళ్ళకి. కొలనోస్కోపీ దేవుడి వరమూ కాదు. 2022లో పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో 84,585 మంది మీద చేసిన పరిశోధన వచ్చింది. పరీక్షకి పిలిచినవాళ్ళలో పదేళ్ళలో కాన్సర్లు 18 శాతమే తగ్గాయి. చాలామంది పెదవి విరిచారు. కానీ పిలిచిన ప్రతి 100 మందిలో వచ్చింది 42 మందే. చేయించుకోని పరీక్ష ఎవరికీ పనిచెయ్యదు కదా.

మేస్త్రీకి ఏమైందంటారా? పేగు చివరి వంకర దగ్గర గడ్డ, అప్పటికి గోడ దాటలేదు. సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. పేగుల వైద్యానికి మన ఊళ్ళో కొదవ లేదు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు హైదరాబాదులో పెట్టిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎండోస్కోపీ నేర్చుకోవడానికి విదేశీ డాక్టర్లు వస్తారు. 2025లో ఆయనకి పద్మవిభూషణ్ కూడా వచ్చింది. ఆ పక్క వైద్యం ఉంది, ఈ పక్క సూచన ఉంది, మధ్యలో మన మనిషి అడగాలి.

ఆపరేషన్‌కి వెళ్ళేముందు నేను ఆయనకి చెప్పింది ఒకటే. అమ్మానాన్నలకో, తోబుట్టువులకో ఈ జబ్బు వస్తే మిగతావాళ్ళు నలభైకే పరీక్ష మొదలుపెట్టాలి, లేదా జబ్బు వచ్చినవాళ్ళ వయసుకి పదేళ్ళ ముందు, రెంట్లో ఏది ముందైతే అది. "మా తమ్మునికి చెప్తె నవ్వుతడు సిస్టర్, వానికి నలభై ఆరే" అన్నాడు. ఫోను నా ముందే చేయించాను. అవతల తమ్ముడు నవ్వాడు కూడా, స్పీకరులో వినపడింది. మూడు నెలల తరవాత కరీంనగర్‌లో చేయించుకుంటే అతనికి రెండు బుడిపెలు దొరికాయి, అక్కడికక్కడే తీసేశారు. మళ్ళీ మూడేళ్ళకి రమ్మన్నారట.